ఎడమచేతి సైగ

ఆ ఎండాకాలం మా ఇంట్లో టీవీ ఎవరూ సరిగ్గా చూడలేదు. టీవీకీ సోఫాకీ మధ్య నా సైకిలు నిలబడి ఉండేది. వెనక చక్రాన్ని ఇనప స్టాండులో బిగిస్తే ఎంత తొక్కినా అంగుళం ముందుకు కదలదు. బైండింగు షాపులో పుస్తకాలు కుట్టి, అట్టలు అంటించి, వేళ్ళకి పట్టిన జిగురు గీక్కుంటూ ఇంటికొచ్చి, రోజూ సాయంత్రం గంటసేపు దాని మీద కూర్చుని ఎక్కడికీ పోకుండా తొక్కేదాన్ని. అన్నయ్య నా మోచేతి సందులోంచి వార్తలు చూసేవాడు.

"నేను రోజుకి నాలుగు లిఫ్టులు బాగుచేస్తాను. ఎక్కినవాళ్ళు కనీసం పైకైనా వెళ్తారు. ఇదేమిటో, ఇంత తొక్కుడూ తొక్కి ఉన్నచోటే ఉంటుంది" అనేవాడు సౌండు పెంచుతూ.

"మీ చెల్లెలు ఎక్కడికి వెళ్తుందో చూద్దురుగాని, ముందు ఆ సౌండు తగ్గించండి" అనేది వదిన, చేతిలోని గడియారం మీంచి కళ్ళు తీయకుండా. "తొంభై తిప్పవే నత్తా! ఎనభై నాలుగు దగ్గర కునుకు తీస్తున్నావు."

నిమిషానికి తొంభైసార్లు పెడలు తిరగాలని వదిన లెక్క. నత్త అన్నది వదిన నాకు పెట్టిన పేరు. ఆడపడుచుని పట్టుకుని నత్త అంటావా అని పేచీ పెడితే, "వేగం పెంచు, పేరు మారుస్తా" అనేది. వీధిలో వాళ్ళు వదినకి కోచమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరంటే వదినకి లోపల్లోపల భలే ఇష్టం.

వదిన లారీల కాటాలో పనిచేసేది. లారీ వచ్చి పలక మీద నిలబడితే గదిలోంచి బరువు చూసి చీటీ కొట్టి ఇవ్వడం. పెళ్ళికి ముందు తను సైకిలు పందేల్లో తొక్కిన మనిషి. నాలుగంటే నాలుగు సెకన్ల తేడాతో జట్టులో చోటు పోగొట్టుకుంది. ఆ సంగతి ఎప్పుడు అడిగినా, "లారీ వచ్చిందే, తూచాలి" అని తప్పించుకునేది, వంటింట్లో ఉన్నా సరే.

ఇప్పుడు ఆ చోటు నాకు కావాలి. ఇరవై కిలోమీటర్లు ముప్పై మూడు నిమిషాల్లోపు తొక్కితే ఎంపిక పోటీలో నెగ్గినట్టే. పై ఏడాదికి నాకు వయసు దాటిపోతుంది, మళ్ళీ రానివ్వరు. ఎండాకాలం మొదట్లో వదిన గడియారం పట్టుకుని నన్ను మొదటిసారి తొక్కించినప్పుడు నాకు పట్టిన సమయం ముప్పై అయిదు నిమిషాల నలభై సెకన్లు. వదిన ఆ అంకెని కాటా చీటీ వెనక రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

"రెండు నిమిషాల నలభై సెకన్లు కొయ్యాలి. మూడు నెలలుంది" అంది.

"కోసేద్దాం వదినా."

"నువ్వు కాదు, కోసేది నేను. ఏడ్చేది నువ్వు" అంది.

అలాగే జరిగింది. నూనె వంటలు మానిపించింది. తొమ్మిదింటికి పడుకోబెట్టింది. సీటు ఎత్తు మార్చింది, వారం తర్వాత మళ్ళీ మార్చింది, అదీ ఒక్క గోరు మందం. "గోరు మందానికి ఏమవుతుంది?" అంటే, "ఆరువేలసార్లు తొక్కుతావు, ఆరువేల గోళ్ళవుతుంది" అంది. గొలుసుని పాత పళ్ళబ్రష్షుతో, కిరసనాయిలుతో నేనే తోముకోవాలి. తోమాక తను తెల్లగుడ్డతో తుడిచి చూసేది. గుడ్డ మీద నలుపు కనిపిస్తే మళ్ళీ మొదటికొచ్చేది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒకరోజు కొలత మళ్ళీ ముప్పై నాలుగు దాటింది. సైకిలుని అక్కడే రోడ్డు మీద పడేసి, "నావల్ల కాదు, నువ్వు తొక్కుకో పో" అని అరిచేశాను. వదిన సైకిలుని లేపి చెట్టుకి ఆనించి తాళం వేసింది. నన్ను స్కూటరెక్కించుకుని కాటాకి తీసుకెళ్ళింది. లారీలేవీ లేవు. ఆ పెద్ద ఇనపపలక మధ్యలో నన్ను నిలబెట్టి, గదిలోకెళ్ళి కిటికీలోంచి తల బయటపెట్టింది.

"అరవై కిలోలు!"

"అబద్ధం. యాభై ఆరే ఉంటాను."

"ఈ కాటా పదేసి కిలోల లెక్కన చూపిస్తుందే. యాభై ఆరంటే దానికి తెలీదు. యాభయ్యో అరవయ్యో ఏదో ఒకటి అనేస్తుంది. నువ్వూ అంతే. వస్తే ముప్పై మూడు రావాలి, లేకపోతే నావల్ల కాదు. మధ్యలో ఏమీ కనపడదు నీకు." బయటికొచ్చి నా పక్కనే పలక మీద కూర్చుంది. ఇనుము ఎండకి కాలిపోతోంది, ఇద్దరం చున్నీలు మడిచి కింద వేసుకున్నాం. "నాలుగు రోజుల క్రితం ముప్పై నాలుగూ ఇరవై. ఇవాళ ముప్పై నాలుగూ ఎనిమిది. పన్నెండు సెకన్లు ఎక్కడికీ పోలేదు, నీ కాళ్ళల్లోనే ఉన్నాయి."

నా పిక్క మీద చెయ్యి వేసింది. "నీ కాళ్ళు చూస్తే నాకు ఎంత కుళ్ళో తెలుసా? నాకివి ఉంటే ఇక్కడ లారీలు తూస్తూ కూర్చునేదాన్నా?"

నాకు ఏడుపొచ్చింది. "ఏడ్చేది నువ్వేనని ముందే చెప్పాను కదా" అని వదిన నవ్వింది. నేనూ ముక్కు చీదుకుంటూ నవ్వాను.

ఇక పైపుల రోడ్డు సంగతి చెప్పాలి. ఊరికి నీళ్ళు తెచ్చే పెద్ద పైపు పక్కన, చివర పంపుహౌసు దాకా తిన్నగా ఇరవై కిలోమీటర్ల రోడ్డు. పైపు బాగుచేసేవాళ్ళ బండి తప్ప ఎవరూ తిరగరు. కిలోమీటరుకొకటి చొప్పున పైపు మీద ఎర్రరంగుతో పెద్ద పెద్ద అంకెలు రాసి ఉంటాయి. ఆదివారం పొద్దున్నే మా అసలు పని అక్కడే.

వదిన స్కూటరు మీద ముందు వెళ్ళేది. నేను దాని వెనక చక్రానికి మూరెడు దూరంలో సైకిలు మీద. "గాలిని నేను చీలుస్తా, నువ్వు నా వీపు వెనక దాక్కో. రోడ్డు చూడకు, నా చొక్కా చూడు. రోడ్డు నీ తరఫున నేను చూస్తా" అనేది. గాలి హోరులో మాట వినపడదు కనక అంతా ఎడమచేతి సైగలే. పిడికిలి బిగిస్తే ఇదే వేగం ఉంచమని. రెండు వేళ్ళు చూపిస్తే పెంచమని. ఎనిమిదో నంబరు దగ్గరికి రాగానే ఎడమ చెయ్యి కిందికి జారవిడిచి, అరచెయ్యి తెరిచి, స్కూటరుని ఎడమ పక్కకి తీసేది. అంటే ఇక నా వెనక దాక్కోకు, నన్ను దాటి పో, మిగతాదంతా ఒంటరిగా తొక్కు అని. నేను దాటుతుంటే నా చెవిలో పడేలా "పోవే!" అని ఒక్క కేక వేసేది. తర్వాత చాలా దూరంగా నా వెనకే వచ్చేది. వెనక్కి మాత్రం చూడకూడదు. మెడ తిప్పితే సైకిలు వంకర పోతుంది, సమయం తింటుంది. నేను పంపుహౌసు చేరి ఊపిరి పీల్చుకునేలోపు స్కూటరు చప్పుడు వినిపించేది, ఆ వెంటనే తిట్లు వినిపించేవి.

పోటీకి ఇంకా మూడు వారాలుందనగా, ఒక ఆదివారం.

బయల్దేరేటప్పుడు వదిన హెల్మెట్ పట్టీ పెట్టుకోలేకపోయింది. రెండుసార్లు ప్రయత్నించి, "ఎడమ చెయ్యి తిమ్మిరెక్కిందే, దాని మీదే పడుకున్నట్టున్నాను" అంది. నేనే పట్టీ పెట్టాను. "కోచమ్మకి ముసలితనం వచ్చేసింది" అని గడ్డం కింద చక్కిలిగిలి పెట్టాను. "నీ నోరు పడ" అని నవ్వుతూ స్కూటరు తీసింది. మామూలుగానే నా ఫోనూ నీళ్ళసీసా స్కూటరు డిక్కీలో పడేశాను. ఒంటి మీద బరువు ఉండకూడదు.

ఆ రోజు నా కాళ్ళు నావి కావనిపించింది. ఒకటో నంబరు, రెండో నంబరు అలా దొర్లిపోయాయి. వదిన చొక్కా మీద చెమట మచ్చ తప్ప నాకింకేమీ కనపడటం లేదు. ఇంతలో వదిన ఎడమ చెయ్యి కిందికి జారింది. అరచెయ్యి తెరుచుకుంది. స్కూటరు ఎడమ పక్కకి ఒరిగింది.

పైపు మీద అంకె చూశాను. ఆరు.

ఎనిమిది కదా, అనుకున్నాను. అనుకున్నాననే చెప్తున్నాను, ఆ సంగతి ఇప్పుడు దాచను. మరుక్షణం, ఇవాళ నేను బాగా తొక్కుతున్నానని ముందే వదిలేసింది, పరీక్ష పెడుతోంది అనుకున్నాను. గర్వంగా కూడా అనిపించింది. నా చేతి గడియారం మీట నొక్కి కుడి పక్క నుంచి దాటేశాను. దాటుతున్నప్పుడు "పోవే" అనలేదు. నా వైపు చూడనూలేదు. కాస్త ముందుకెళ్ళాక వెనక కంకర మీద ఏదో చప్పుడైనట్టనిపించింది. స్కూటరు పక్కన ఆపింది కాబోలు అనుకుని తల దించుకుని తొక్కాను.

పద్నాలుగు కిలోమీటర్లు ఒక్క ఊపున. పంపుహౌసు గేటు దగ్గర మీట నొక్కి చూసుకున్నాను. ఇరవై రెండు నిమిషాల యాభై సెకన్లు. ఆ లెక్కన మొత్తం ఇరవై కిలోమీటర్లకి ముప్పై రెండు నిమిషాల ముప్పై ఏడు సెకన్లు. సైకిలు గేటుకి ఆనించి, నేల మీద వెల్లకిలా పడుకుని పిచ్చిదానిలా నవ్వుకున్నాను. ఇవాళ తిట్టడానికి వదినకి ఏముందో చూద్దాం అనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. మామూలుగా, పెద్ద విశేషమేం కాదన్నట్టు.

స్కూటరు చప్పుడు రాలేదు.

పెట్రోలు అయిపోయిందేమో అనుకున్నాను. లేకపోతే ఏడిపిస్తోందేమో అనుకున్నాను. వాచ్‌మన్ కొళాయి తిప్పి నీళ్ళిచ్చాడు. "ఇవాళ కోచమ్మ రాలేదేమ్మా?" అన్నాడు. అతని ఫోనడిగి వదినకి చేశాను. మోగింది. మళ్ళీ చేశాను. మోగుతూనే ఉంది. అప్పుడు నాకు ఆ ఆరో నంబరు గుర్తొచ్చింది, ఫోను అతని చేతిలో పెట్టి సైకిలెక్కాను.

వెనక్కి తొక్కిన ఆ పద్నాలుగు కిలోమీటర్లకి ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు. ఎదురుగాలి. గాలిని చీల్చే మనిషి ముందు లేదు.

వదిన పైపు దిమ్మకి ఆనుకుని పడి ఉంది. స్కూటరు కంకరలో అడ్డంగా పడి, వెనక చక్రం పైకి లేచి ఉంది. ఒంటి మీద పెద్ద దెబ్బలేమీ లేవు. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ నోరు ఒక పక్కకి లాగేసింది. నన్ను చూసి ఏదో అనబోయింది, మాట ముద్దగా వచ్చింది. హెల్మెట్ పట్టీ విప్పాను. డిక్కీలోంచి ఫోను తీసి అంబులెన్సుకి చేశాను. తొక్కడం అయ్యాక తిందామని పెట్టుకున్న అరటిపళ్ళు, నావి రెండు, వదినవి రెండు, డిక్కీ వేడికి మెత్తబడి ఉన్నాయి.

ఆసుపత్రిలో డాక్టరు, మెదడులో నరం చిట్లిందన్నాడు. "పడిపోయి ఎంతసేపయింది?" అని అడిగాడు. నేను లెక్క చెప్పాను. లెక్క చెప్పడం నాకు బాగా అలవాటైపోయింది కదా. గంటకు తక్కువ కాదు. ఆయన రాసుకున్నాడు. ఇంకా ముందు తెచ్చి ఉంటే బాగుండేదని మాత్రం అన్నాడు.

అన్నయ్య వరండాలో నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. పనిలోంచి పరుగెత్తుకొచ్చాడు, చేతులకి గ్రీజు ఉంది.

"నువ్వు ముందు వెళ్ళిపోయావా? మనిషి పడిపోతే తెలియలేదా నీకు?"

"వెళ్ళమని సైగ చేసింది అన్నయ్యా. చెయ్యి చూపించింది. అందుకని వెళ్ళాను."

"ఒక్కసారి వెనక్కి చూడలేకపోయావా? ఒక్కసారి! నీ దిక్కుమాలిన సెకన్ల కోసం మీ వదినని రోడ్డు మీద పడేసి పోయావా?"

అక్కడ కూర్చున్న వాళ్ళంతా మా వైపు చూశారు. ఆరో నంబరు గురించి నేను చెప్పలేదు. కేక వెయ్యలేదన్న సంగతీ, చప్పుడు విన్న సంగతీ చెప్పలేదు. సైగ చేసింది, వెళ్ళాను అన్నంతవరకే చెప్పాను. తర్వాత మూడు రోజులు అన్నయ్య నాతో మాట్లాడలేదు. ఇంటికెళ్ళి బట్టలు తెచ్చేది నేను, తీసుకుని లోపలికెళ్ళేది అన్నయ్య.

నాలుగో రోజు వదిన కళ్ళు కాస్త తేటగా ఉన్నాయి. నర్సు ఇద్దర్నీ లోపలికి రానిచ్చింది. వదిన నా వైపు తల తిప్పింది. పెదాలు కదిలించి, ఒక్కో అక్షరమే కూడదీసుకుని అడిగింది.

"ఎం... తొచ్చింది?"

నాకు చెప్పాలని లేదు. చెప్పకుండా ఉండలేకపోయాను. "ముప్పై రెండు ముప్పై ఏడు లెక్క వదినా."

కదిలే సగం మొహంతో నవ్వింది. ఆ నవ్వు చూసి అన్నయ్యకి ఒళ్ళు మండిపోయింది.

"ఇంకా టైమేనా? ఇక్కడ కూడా అదేనా? దీని మూలాన కాదూ నీకీ గతి..."

"దాన్ని... అనకండి" అంది వదిన. ఎడమ చెయ్యి దుప్పటి మీద ఎవరో పెట్టి మర్చిపోయినట్టు పడి ఉంది. కుడి చేతిని మంచం పక్కకి జారవిడిచి, అరచెయ్యి తెరిచి చూపించింది. "నేనే పొమ్మన్నా."

అన్నయ్య ఆ చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకున్నాడు. వదిన కళ్ళు మూసుకుంది. నేను కళ్ళెత్తలేకపోయాను.

మర్నాటికి మాట పోయింది. ఆరో రోజు మనిషే పోయింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో నన్ను అడగకండి. వచ్చినవాళ్ళు వచ్చారు, వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. కాటా వాళ్ళు ఒక పూట తూకం ఆపేశారు. సైకిలుని నేను మెట్ల కిందికి తోసేశాను. ఇంట్లో ఇద్దరమే మిగిలాం. అన్నయ్య టీవీ ఎదురుగా కూర్చునేవాడు, అడ్డం ఏమీ లేకపోయినా దాన్ని పెట్టేవాడు కాదు. అయితే నాతో మాట్లాడటం మొదలుపెట్టాడు. తిన్నావా అని అడిగేవాడు. ఒకరోజు నా కంచంలో తనే అన్నం వడ్డించాడు. తిట్టినప్పుడు తట్టుకున్నదాన్ని ఆ వడ్డనకి తట్టుకోలేకపోయాను. తింటున్నట్టు నటించి లేచిపోయాను.

పోటీ ఆదివారం పొద్దున్న అన్నయ్యే నన్ను లేపాడు. బయటికొచ్చి చూస్తే సైకిలు మెట్ల కింద నుంచి హాల్లోకి వచ్చింది. తళతళలాడుతోంది. గొలుసు దగ్గర తెల్లగుడ్డ పెట్టి ఉంది.

"మూడుసార్లు తోమాను. చూడు, నలుపు లేదు" అన్నాడు. "స్కూటరు కూడా బాగుచేయించాను. పోటీ జరిగే చోటికి నేను తీసుకెళ్తా. మీ వదిన ఉంటే ఇవాళ నిన్ను ఇంట్లో కూర్చోనిచ్చేదా?"

నాకు ధైర్యం చెప్పాలనుకున్నాడు కాబోలు, స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఆసుపత్రిలో నోరు పారేసుకున్నాను. అందరి ముందూ అన్నాను. నువ్వేం చేస్తావు? మీ వదిన పొమ్మంది, నువ్వు పోయావు. తను చెప్పిన మాట విన్నావు, అంతేగా. మనసులో పెట్టుకోకు."

అన్నయ్య నా కాళ్ళు పట్టుకున్నంత పని చేస్తున్నాడు. తప్పు నాది, క్షమాపణ తనది. ఆ మాట నెత్తిన పెట్టుకుని వెళ్ళి ఇరవై కిలోమీటర్లు తొక్కి, గెలిచి, ఇంటికొచ్చి మళ్ళీ ఈ మనిషి వడ్డించిన అన్నం తినడం నావల్ల అవుతుందా? కాదనిపించింది. చెప్పేస్తే పీడ వదులుతుందనిపించింది.

"వదిన పొమ్మనలేదు అన్నయ్యా."

"అదేమిటి?"

"పొమ్మనేది ఎనిమిదో నంబరు దగ్గర. వదిన చెయ్యి జారింది ఆరో నంబరు దగ్గర. అది సైగ కాదు. అప్పుడే పడిపోతోంది. ఆరో నంబరని నేను చూశాను. దాటేటప్పుడు కేక వెయ్యలేదు. వెనక చప్పుడైంది, విన్నాను. విని కూడా వెళ్ళాను. పొద్దున్న హెల్మెట్ పట్టీ పెట్టుకోలేకపోతే నేనే పెట్టాను, పెట్టి వెక్కిరించాను." ఆపితే మళ్ళీ చెప్పలేనని గబగబా అన్నీ అనేశాను. "నువ్వు నన్ను తిడుతున్నావని వదిన నా కోసం అబద్ధం చెప్పింది."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అన్నయ్య ఆ తెల్లగుడ్డ తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు. కోపం వచ్చినప్పుడు పెద్దదయ్యే అన్నయ్య గొంతు, మాట్లాడేసరికి నిద్రపోతున్న పసిపిల్లని లేపకూడదన్నంత చిన్నదిగా వచ్చింది.

"తను నాతో మాట్లాడిన ఆఖరి మాట అదేనే" అన్నాడు. "నోరు వంకరపోయి, అక్షరం అక్షరం కూడదీసుకుని చెప్పింది. ఇన్నాళ్ళూ ఆ ఒక్కమాట పట్టుకుని ఉన్నాను. పడిపోయేటప్పుడు భయపడలేదు, తెలిసే నిన్ను పంపించింది, తన ఇష్టంతోనే జరిగింది అనుకుని పడుకుంటున్నాను. ఇప్పుడు అదీ లేదంటున్నావు."

"అన్నయ్యా..."

"నీ కోసం చెప్పిన అబద్ధమే కదే. దాచుకోలేకపోయావా?"

నిజం చెప్పానన్న తృప్తి ఒక్క క్షణం కూడా మిగల్లేదు. నా గుండె మీది బరువు తీసి అన్నయ్య గుండె మీద పెట్టానంతే. అది ఎంత బరువో తూచి చెప్పే మనిషి కూడా మా ఇంట్లో లేదు.

అన్నయ్య లేచాడు. స్కూటరు తాళాలు బల్ల మీద పెట్టి, తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. గడియ పెట్టుకోలేదు. పోటీ మొదలయ్యే వేళ దాటిపోయేదాకా నేను ఆ తలుపు ముందే నిలబడ్డాను. లోపలి నుంచి ఏడుపు వినపడుతోంది. తలుపు తోసుకుని వెళ్ళే హక్కు నాకుందనిపించలేదు.